డెల్మర్ ట్రిమ్మర్ కొన్న వైనం

ఆర్డిస్‌ను పెళ్ళి చేసుకోవాలా వద్దా అని తేల్చుకోవడానికి డెల్మర్ హాగెన్‌కు చర్చి విందులో ఒక్క సాయంత్రం చాలింది. తూటా డొల్లల మూతి చెక్కే ట్రిమ్మర్ ఏది కొనాలో తేల్చుకోవడానికి మాత్రం వేసవి మొత్తం చాలలేదు. ఈ మాట ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ ఆర్డిస్ కాఫీతో పాటు వడ్డిస్తోంది.

మోంటానాలోని ఆ లోయలో తూటాలు దుకాణంలో కొనుక్కునేవాణ్ణి మనుషుల్లో జమకట్టరు. పేల్చిన ఇత్తడి డొల్ల ఏరుకోవాలి, కడుక్కోవాలి, ఇంట్లో బల్ల దగ్గర కూర్చుని మందూ గుండూ మళ్ళీ నింపుకోవాలి. అప్పుడే పెద్దమనిషి. అయితే పేల్చినకొద్దీ డొల్ల మెడ సాగుతుంది. మరీ సాగిన డొల్ల పెడితే, తూటాను లోపలికి నెట్టి గొళ్ళెంలా మూసే రైఫిల్ బోల్టు మూసుకోదు. అందుకని మూతి దగ్గర వెంట్రుకవాసి చెక్కాలి. ఇంతోటి పనికి డెల్మర్ కళ్ళద్దాల నంబరు మార్పించుకునేదాకా క్యాటలాగులు చదివాడు.

పోనీ ఇంట్లో ట్రిమ్మర్ లేదా అంటే, ఉంది. తండ్రి థోర్వాల్డ్ చేత్తో తిప్పుకున్న పాత ట్రిమ్మర్ బల్లకు బిగించే ఉంది. లేనిది దాని పైలట్. పైలట్ అంటే డొల్ల మూతిలో దూరి, అది కదలకుండా పట్టుకునే చిన్న ఇనుప పుల్ల. ఒక్కో సైజు తూటాకు ఒక్కో పుల్ల. అది లేకపోతే ట్రిమ్మర్ కాగితాలు ఎగిరిపోకుండా పెట్టుకోవడానికి తప్ప దేనికీ పనికిరాదు. ఆ పుల్ల అదే రోడ్డు చివర, తమ్ముడు లైల్ ఇంట్లో ఉంది. అడిగితే ఇస్తాడు. కానీ అడగాలి కదా!

రెండేళ్ళ కిందట వేటలో డెల్మర్ ఎదురుగా పెద్ద కొమ్ముల ఎల్క్ దుప్పి వచ్చి నిలబడింది. రైఫిల్ బోల్టు పడలేదు. దుప్పి తీరిగ్గా ఒకసారి చూసి, తన దారిన తను పోయింది. "డొల్లలు చెక్కింది నువ్వేగా, ఇంకెలా పడుద్ది!" అన్నాడు డెల్మర్. "బోల్టు వెయ్యడం చేతగానివాడికి డొల్లలెందుకు, గులకరాళ్ళిస్తా విసురుకో!" అన్నాడు లైల్. అంతే, మాటలు పడిపోయాయి. అప్పటికి ఇద్దరూ యాభై దాటిన పసివాళ్ళు.

మొన్న వసంతంలో థోర్వాల్డ్ పోతూ పోతూ పంపకాలు తానే చేశాడు. రైఫిలూ, డొల్లల పెట్టే, ట్రిమ్మరూ పెద్దవాడికి. పాత ట్రక్కూ, పైలట్లు దాచుకున్న పొగాకు డబ్బా చిన్నవాడికి. మంచానికి అటొకడూ ఇటొకడూ ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా నిలబడి ఉంటే, ఆయాసపడుతూనే చెప్పాడు.

"వేట మొదలయ్యే రోజు పొద్దున్నే మన గట్టు మీద నా రైఫిల్‌తో, నా డొల్లతో ఒక్క తూటా పేల్చండిరా. నాకు అదే ప్రార్థన. పాస్టర్ పాట ఎత్తుకుంటే నాకు నిద్రొస్తుంది. డొల్లలు బాగా సాగున్నాయి, ముందు చెక్కండి. ఇద్దరూ ఉండాలి."

ఆ రైఫిల్ సైజు తూటాలు తయారుచేయడం కంపెనీలు ఎప్పుడో మానేశాయి. ఆ పెట్టెలో డొల్లలు తప్ప మరో దారి లేదు. డెల్మర్‌కు తండ్రంటే ప్రాణం. ఆ ఒక్క తూటా పేలకపోతే మళ్ళీ ఆ గట్టు ఎక్కే మొహం తనకు ఉండదని అతనికి బాగా తెలుసు. వేసవంతా ఆ దిగులే లోపల తొలుస్తోంది.

"ముసలాయనకి మతి తప్పింది. ట్రిమ్మర్ ఒకడికీ, దాని పుల్ల ఒకడికీ పంచుతాడా ఎవడైనా?" అన్నాడు ఆర్డిస్‌తో.

"పోయి అడగరాదూ?"

"వాణ్ణా? నేనా? దానికంటే కొత్తది కొనుక్కుంటా."

అలా మొదలైంది వర్జిల్ దుకాణానికి తీర్థయాత్ర. వర్జిల్ తుపాకీ సామాను అమ్ముతాడని బోర్డు మీద రాసి ఉంటుంది. నిజానికి అక్కడ ఏమీ కొననివాళ్ళు కాఫీ తాగుతూ, కొనేవాళ్ళకు సలహాలిస్తుంటారు.

"చేత్తో తిప్పేది తీసుకో డెల్, పనితనం ఉంటుంది," అన్నాడు ఒకడు.

"డ్రిల్లుకి తగిలించేది ఉందంటగా?" అన్నాడు డెల్మర్.

"ఉంది. తొందరగా చెక్కుద్ది," అన్నాడు వర్జిల్. "తప్పు కూడా తొందరగానే చెక్కుద్ది. ఇంతకీ ఎన్ని డొల్లలు చెక్కాలి నువ్వు?"

"ఒక పెట్టె."

"నెలకా?"

"మొత్తానికే."

వర్జిల్ గంభీరంగా తలూపి, దుకాణంలోకెల్లా ఖరీదైన మోటారు మిషను మీద చెయ్యి వేశాడు. "అయితే నీకు ఇదే కరెక్టు."

డెల్మర్ అంత తేలిగ్గా పడతాడా? అతని దగ్గర మఖ్మల్ పెట్టెలో పడుకునే కాలిపర్ ఉంది. వెంట్రుక మందం కూడా కొలిచి చెబుతుంది. దాంతో మిషను బ్లేడు కొలిచాడు, పిడి కొలిచాడు, ఊసుపోక వర్జిల్ కాఫీ కప్పు అంచు కూడా కొలిచాడు. కొలవనివి తండ్రి డొల్లలు మాత్రమే. నాన్న సాగాయన్నాడు కదా! ఇత్తడి విషయంలో థోర్వాల్డ్ మాట మీద మళ్ళీ కొలత పెట్టే ధైర్యం ఆ ఇంట్లో ఎవరికీ లేదు.

వేటకు వారం ఉందనగా మిషను ఇంటికొచ్చింది. నీలం లైటు వెలిగింది. మోటారు పిల్లిలా గురగురలాడింది. దానితో వచ్చిన అరల పెట్టెలో లోకంలో ఉన్న సైజులన్నిటికీ పైలట్లున్నాయి, థోర్వాల్డ్ రైఫిల్ సైజుకు తప్ప. పాత పుల్ల దొరికినా దీంట్లో పట్టదు. కంపెనీకి ఫోన్ చేస్తే ఒకమ్మాయి తేనెలాంటి గొంతుతో, "ఆ సైజు ఇంకా వాడేవాళ్ళున్నారా సార్? చేయించి పంపాలంటే క్రిస్మస్ దాటుతుందండీ," అంది.

ఆర్డిస్ గుమ్మంలో నిలబడి అంతా విన్నది.

"భలే కొన్నావు మహానుభావా! దీంతో క్యారెట్లన్నా చెక్కుకోవచ్చా?"

"నన్ను విసిగించకు."

"విసిగించను. ఒక్కటి చెప్పు. శనివారం గట్టెక్కి మీ నాన్నకేం చెబుతావు? మిషను బ్రహ్మాండంగా ఉంది, తూటా లేదు అనా?"

డెల్మర్ మోటారు ఆపాడు. పాత ట్రిమ్మర్ మరలు విప్పి చంకలో పెట్టుకున్నాడు, డొల్లల పెట్టె మరో చేత్తో పట్టుకున్నాడు, కోటు కూడా వేసుకోకుండా బయటికి నడిచాడు.

లైల్ గ్యారేజీ తలుపు తీసి, అన్నను పైనుంచి కిందిదాకా చూశాడు.

"ఏంటి?"

"పైలట్ కావాలి."

"ఏ పైలట్?"

"తెలీనట్టు అడక్కురా, చలికి చస్తున్నా!"

లైల్ పొగాకు డబ్బా కోసం వెతకలేదు. చొక్కా జేబులో వేళ్ళు పెట్టి పుల్ల తీశాడు. జేబులో అరిగి అరిగి అది మిలమిల మెరుస్తోంది.

"నాన్న పోయినప్పట్నుంచీ ఇక్కడే ఉంది. నువ్వెప్పుడొస్తావో తెలీక," అన్నాడు గోడవైపు చూస్తూ. వెంటనే తేరుకుని, "కొత్త మిషను కొన్నావంటగా? ఎట్లా ఉంది?" అన్నాడు.

"లైటు బాగుంది," అన్నాడు డెల్మర్.

ట్రిమ్మర్ బల్లకు బిగించారు. చిన్నప్పుడు నాన్న నేర్పినట్టే, డొల్ల పెట్టేది పెద్దవాడు, పిడి తిప్పేది చిన్నవాడు. ఎంత పొడవు దగ్గర బ్లేడు ఆగాలో థోర్వాల్డే బిగించి, ఎవరూ కదపకుండా ఆ మర మీద పెళ్ళాం గోళ్ళరంగు పూసిపెట్టాడు. లైల్ పిడి తిప్పాడు. నున్నగా తిరిగింది. కింద పరిచిన తెల్లకాగితం మీద ఒక్క ఇత్తడి రవ్వ కూడా రాలలేదు.

రెండో డొల్ల పెట్టారు. అదీ అంతే. బ్లేడు మూతిని తాకడమే లేదు. డెల్మర్ కాలిపర్ తీసి, ఇన్నాళ్ళకు, తండ్రి డొల్లను కొలిచాడు. ఉండాల్సినంతే ఉంది. ఇంకోటి తీశాడు. అదీ సరిగ్గా ఉంది. పెట్టెలోవన్నీ ముసలాయన పోకముందే, ఆ వణికే చేతులతో చెక్కేసి పెట్టాడు. సాగున్నాయన్నది పచ్చి అబద్ధం. మతి తప్పింది ఆయనకు కాదు.

డెల్మర్ కళ్ళల్లో నీళ్ళు గిర్రున తిరిగాయి. తలెత్తేసరికి లైల్ ఆ ఖాళీ కాగితాన్నే చూస్తున్నాడు. అంటే వాడికీ అర్థమైంది. చెప్పేద్దామని డెల్మర్ నోరు తెరిచేలోపే లైల్ చెయ్యి చాపాడు.

"తర్వాతది పెట్టు."

డెల్మర్ పెట్టాడు. లైల్ తిప్పాడు. ఏమీ రాలలేదు. ఇంకోటి పెట్టాడు.

"ఆ దుప్పి రోజు," అన్నాడు డెల్మర్, "నా చెయ్యే వణికిందేమోరా."

"ఏమో. నేనూ ఆ పూట తొందరపడి చెక్కి ఉంటా," అన్నాడు లైల్ పిడి ఆపకుండా.

డెల్మర్ జేబులో ఫోన్ మోగింది. ఆర్డిస్.

"ఇచ్చాడా? చెక్కడం అయిందా?"

డెల్మర్ రవ్వ కూడా పడని తెల్లకాగితం వైపు చూశాడు. అప్పటికి పెట్టె సగానికి పైగా అయిపోయింది.

"ఇప్పుడే మొదలెట్టాం," అన్నాడు. "చాలా సాగున్నాయి. నువ్వు భోంచేసెయ్, నా కోసం చూడకు."