తాళం మింగిన ముల్లు

చల్లపల్లిలో బట్టల కొట్టు నడిపే ఆదిశేషయ్యను మోసం చెయ్యడం అంత తేలిక కాదు. మిషన్ మీద నేసిన చీరను చేమగ్గం చీరంటూ ఎవడైనా తెస్తే, అంచు ఒక్కసారి వేళ్ళతో నలిపి, వాడి మొహానే కొట్టేస్తాడు. తనలాంటివాడికే గోరంత నకిలీ వస్తువు అంటగట్టి పంపారని వారం రోజులుగా మండిపడుతున్నాడు.

ఆ వస్తువు రికార్డు ప్లేయరు కార్ట్రిడ్జి. ముల్లు అమరి ఉండే బుల్లి డబ్బీ. పాతది పాడైతే, విజయవాడ పటమటలో అష్ఫాక్ కొట్టుకెళ్ళి, చేతిలో ఉన్న కొద్ది డబ్బుకు వచ్చేది కొన్నాడు. ఇంట్లో ఉన్నది ఒకే ఒక్క నాదస్వరం రికార్డు. అందులో కంచు తాళం వేసింది ఆయన భార్య చౌడేశ్వరమ్మ అన్న. ఆ అన్న పోయాడు. చూసుకుందామంటే సరైన ఫొటో కూడా లేదు, ఆ తాళం చప్పుడొక్కటే మిగిలింది. కొత్త ముల్లు పెట్టి వేస్తే నాదస్వరం వచ్చింది, డోలు వచ్చింది, తాళం మాత్రం రాలేదు.

"వినపడతానే ఉందిగదండీ," అంది చౌడేశ్వరమ్మ.

ఆయన నమ్మలేదు. ఖర్చు తప్పుతుందంటే చిరిగిన చీరను కూడా బాగుందనే మనిషి ఆవిడ. అందుకే రికార్డుతో పాటు ఆవిడనూ వెంటబెట్టుకుని బస్సెక్కాడు.

"అసలు సరుకేనండీ," అన్నాడు అష్ఫాక్. "కావాలంటే ఇంకా ఖరీదుది వేసి చూపిస్తాను. కానీ మీ ప్లేయరుకి ఇది చాలండీ."

చవకది చాలని చెప్పే వ్యాపారిని ఆదిశేషయ్య తన జన్మలో చూడలేదు. అనుమానం రెట్టింపయింది. గుడ్డయితే పోగు లాగి కాల్చి చూసేవాడు. ఈ ముల్లునెలా కాల్చడం?

"వెయ్యవయ్యా, ఆ ఖరీదుదే చూద్దాం."

అష్ఫాక్ దాన్ని బిగించి రికార్డు పెట్టాడు. నాదస్వరం కొట్టంతా నిండింది. తాళం లేదు.

"ఇదీ డూప్లికేటే! మా బావగారి తాళాన్ని ఇది కూడా మింగేసింది!"

"అదేంటండీ, ఖంగుమని మోగుతుంటే!" అన్నాడు అష్ఫాక్.

ఇద్దరిదీ ఒకటే మాట! కూడబలుక్కున్నారేమో. ఆదిశేషయ్య గుర్రుగా భార్యకేసి చూశాడు. ఆవిడ కళ్ళు మూసుకుని, ఒళ్ళో వేలితో తాళం వేస్తోంది. అష్ఫాక్ అటు తిరిగి బీరువాలో ఏదో వెతుకుతున్నాడు, వాడి కాలూ ఆడుతోంది. ఇంతలో డోలు ఆగింది. నాదస్వరం ఒకే స్వరాన్ని పట్టుకుని సాగదీస్తోంది. ఆయనకు వినిపిస్తున్నది అంతే. అయినా ఆ వేలూ ఈ కాలూ ఆగలేదు. ఉన్నట్టుండి రెండూ ఒక్కసారే జోరందుకున్నాయి.

ఒకరినొకరు చూసుకోని మనుషులు అలా కూడబలుక్కోలేరు. ఆదిశేషయ్యకు భయం వేసింది. బావగారి తాళం రికార్డులోనే ఉంది, ముల్లూ దాన్ని పలికిస్తోంది. ఆ సన్నటి మోత అందనిది తన చెవికే.

"నీ సరుకు మంచిదేనయ్యా అష్ఫాకూ," అన్నాడు. "ఆ చవకదే ఉంచుకుంటాను." తరవాత భార్య వైపు తిరిగాడు. "చౌడమ్మా, నాకు వినపడట్లేదే."

చౌడేశ్వరమ్మ వేలు ఆగిపోయింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"వంటింట్లోంచి ఎన్నిసార్లు పిలిచినా పలక్కపోతే," అంది, "నామీద మనసు విరిగిందేమో అనుకున్నానండీ ఇన్నాళ్ళూ."