బేసి లెక్క పూలు

మా అమ్మాయి ఉల్యానా మొదటిసారి పెద్ద థియేటర్లో బాలే నాట్యం ఆడుతోంది. గుంపులో ఒక పిల్లే, అయినా నాకు కథానాయిక అదే. మా పెర్మ్ ఊరి రొట్టెల ఫ్యాక్టరీలో ఏళ్ల తరబడి పిండి పిసికినదాన్ని, బాలే చూసిన పాపాన పోలేదు. "నేనెక్కడ నిలబడ్డానో చెప్పాలమ్మా. చెప్పలేకపోతే చూడనట్టే" అని పొద్దున్నే షరతు పెట్టి మరీ వెళ్లింది.

కోటు అప్పగించి, మంచు బూట్లు విప్పి, సంచిలోంచి మంచి చెప్పులు తీసి వేసుకుని, బైనాక్యులర్ అద్దెకు తీసుకుని కూర్చున్నాను. ఒళ్లో దానికోసం అయిదు గులాబీలు. బేసి అయితే బతికున్నవాళ్లకి, సరి అయితే సమాధికి; మా దగ్గర చంటిపిల్లకైనా తెలిసిన లెక్కే.

పక్క సీట్లో ఫైనా మార్కోవ్నా అనే ఆవిడ నిటారుగా కూర్చుంది. తెర లేచింది మొదలు ఆవిణ్ణి ప్రశ్నలతో కాల్చుకు తిన్నాను. ఆ యువరాజు తల మీద చేతులు తిప్పుతాడేమిటంటే, నాట్యానికి పిలుస్తున్నాడంది. ఉంగరం వేలు చూపిస్తే పెళ్లాడతానని మాటివ్వడమట. నోరుందిగా, చెప్పి చావొచ్చుగా అన్నాను. ఆవిడ నవ్వింది. విరామంలో చేపగుడ్ల రొట్టె చెరొకటి తింటూ మా పిల్ల పుట్టినప్పటి నుంచీ ఏకరువు పెట్టాను. మీకు పిల్లలున్నారా అని ఒక్క మాట అడగాలని తోచలేదు.

రెండో అంకంలో తెల్లగౌన్ల పిల్లలు వచ్చారు. అదే ముడి, అదే మెడ, అదే నడక. కాకి పిల్ల కాకికి ముద్దంటారు గానీ, ఈ కాకికి తన పిల్లేదో తెలిస్తేగా! మొహాలు కాదు, భుజాలు చూడమంది ఫైనా మార్కోవ్నా. భుజాలూ ఒకేలా ఉన్నాయి. నా మీద నాకే ఒళ్లు మండింది.

అంతలో ఒక పిల్ల దబ్బున పడింది. ఆ పిల్ల వెంటనే లేచి వరసలో కలిసిపోయింది. బైనాక్యులర్ ఎత్తి చూశాను. కోటేరు ముక్కు. మాది బుడ్డ ముక్కు.

"హమ్మయ్య, మా పిల్ల కాదు" అని పైకే అనేశాను.

ఫైనా మార్కోవ్నా వేదిక మీంచి చూపు తిప్పలేదు. "మా పిల్ల" అంది.

కాలు జారితే తీసుకోగలం గానీ నోరు జారితే తీసుకోలేం. ఆ తర్వాత వేదిక మీద ఏం జరిగిందో నాకు గుర్తు లేదు.

ఆట అయ్యాక నటుల గుమ్మం దగ్గర, మంచులో ఇద్దరం ఎడంగా నిలబడ్డాం. ముందు ఆవిడ కూతురు నెల్లీ వచ్చింది, ఏడ్చి ఏడ్చి కళ్లు వాచిపోయి. పూలు సగం ఇద్దామనుకున్నాను. కానీ అయిదుని ఎలా పంచినా ఒక పిల్ల చేతికి సరి లెక్క వస్తుంది. ఆ పిల్లకీ వద్దు, నా పిల్లకీ వద్దు. మొత్తం నెల్లీ చేతిలో పెట్టేశాను. తల్లీకూతుళ్లు ట్రామ్ వైపు నడిచారు.

ఉల్యానా వచ్చీరాగానే నేను కనిపించానా అని అడిగింది. పోల్చుకోలేకపోయానని నిజమే చెప్పాను. అలుగుతుందనుకుంటే, నా ఖాళీ చేతుల వైపు, దూరంగా నెల్లీ చేతిలోని గులాబీల వైపు చూసింది.

"పూలు నెల్లీకిచ్చావా?"

"ఇచ్చానే. పాపం, పడింది కదా."

"నేను అడుగుల లెక్క తప్పి ముందుకెళ్లిపోయానమ్మా. నన్ను గుద్దుకోకుండా పక్కకి తప్పుకోబోయి పడింది. ఎందుకు పడ్డావని మాకు నాట్యం నేర్పే మేడం అడిగితే, కాలు జారిందంది. నేను నోరెత్తలేదు."

దాని చెయ్యి పట్టుకుని మంచులో పరుగులాంటి నడక నడిచాను.

"ఫైనా మార్కోవ్నా, ఆగండి" అని కేకేశాను. ఆవిడ ట్రామ్ మెట్టు మీద కాలు పెట్టబోతూ వెనక్కి తిరిగింది.

"తప్పు మా పిల్లదేనండీ" అన్నాను.