పుల్లయ్య పక్కచూపు

మైదుకూరులో పసుపు మూటలు మోస్తున్న ఆ మనిషిని చూడగానే మహాదేవమ్మ ఆగిపోయింది. పొడుచుకొచ్చిన గడ్డం, బలిసిన ముక్కు, చేటల్లాంటి చేతులు. అద్దంలో రోజూ తాను చూసుకునే మొహమే మగవాడి మెడ మీద ఉన్నట్టుంది.

"మా పుల్లయ్య రెండు మూటలు ఒకేతూరి ఎత్తుతాడు," అన్నాడు శేషన్న గొప్పగా. మహాదేవమ్మ, ఆమె భర్త రంగన్న పత్తికొండ పక్క పల్లె నుంచి పసుపు విత్తనానికి వచ్చింది ఆయన కొట్టుకే.

ముప్పై దాటాక ఆమెకూ అట్లాగే కాళ్లూ చేతులూ పెరిగాయి. మెట్టెలు కోసి తీయాల్సి వచ్చింది. గొంతు బొంగురుపోయింది. ఊళ్లో గాలి సోకిందన్నారు. చివరికి కర్నూలు డాక్టరమ్మ మద్రాసుకు చీటీ రాసిచ్చింది. అక్కడ నెలన్నర తలకు కరెంటు, అంటే రేడియేషన్, పెట్టారు. తలనొప్పి మెల్లగా తగ్గింది, పెరగడం ఆగింది. పెరిగిన ఎముక మాత్రం తగ్గదన్నారు. చక్కెర జబ్బు రావచ్చు, గుండె ఉబ్బవచ్చు, బతికినన్నాళ్లూ ఏటా చూపించుకోవాలన్నారు. నాలుగేళ్లుగా ఒక్క ఏడూ ఆమె మానలేదు. "బాగనే ఉండావు కదే, మళ్లా ఎందుకు?" అని రంగన్న అంటే, "బాగుండాల్నని పోతాండా," అనేది.

ఆమె నేరుగా పోయి పుల్లయ్య ముందు నిలబడింది.

"ఏమప్పా, నీ చెప్పులు ఎన్నిసార్లు పెద్దవి కుట్టించుకుంటివి?"

పుల్లయ్య మూట దించాడు. "మూడేండ్లలో నాలుగు తూర్లు. నీకెట్ల తెలుసక్కా?"

"తల నొస్తాంటాదా?"

"ఎండకు మోస్తాం గదా. అందరికీ నొస్తాది."

"సరే, నా ముక్కు చూడు. కండ్లు కదిలించాకు."

ఆమె అతని చెవి పక్కగా చేయి చాచి వేలు ఆడించింది. డాక్టరమ్మ తనకు చేసిన పరీక్షే అది. "వేలు అగపడ్తాందా?"

"యా వేలు?"

వేలు దాదాపు కంటి ఎదుటికి వచ్చేదాకా అతనికి కనబడలేదు. రెండో పక్కా అంతే. మొన్న పక్కనుంచి వచ్చిన ఎద్దులబండి అతన్ని ఎందుకు గుద్దిందో శేషన్నకు అప్పుడు అర్థమైంది.

పుల్లయ్య మూట మీద కూలబడ్డాడు. "బలమొచ్చిందనుకుంటినే అక్కా."

"బలం గాదప్పా, జబ్బు. మెదడు కింద శనగగింజంత గ్రంథి ఉంటాది. అది చెడితే ఇట్ల పెరుగుతాం. శానా ముదరకముందే మద్రాసు పోవాల."

"ఈ పంట కాలం కానీమ్మా, పోతాడులే," అన్నాడు శేషన్న.

"అప్పటికి నీకు మూట మోసేటోడు గాదన్నా, చేయి పట్టుకోని నడిపించాల్సినోడు మిగుల్తాడు."

"మద్రాసులో నాకెవరు తెలుసు?" అన్నాడు పుల్లయ్య.

"నాకు తెలుసు. నేనొస్తా."

రంగన్న ఆమె మొహం చూశాడు. విత్తనం కొట్లోనే ఉంచమని తానూ కదిలాడు. మరునాడు ముగ్గురూ కడపలో రైలెక్కారు.

గ్రంథిలో పెరిగిన గడ్డ కంటి నరాలను నొక్కి చూపు దెబ్బతింది గనక పుల్లయ్యకు ఆపరేషను తప్పదన్నారు మద్రాసు డాక్టర్లు. ప్రాణానికి హామీ లేదని కూడా చెప్పారు. అతను ఒక పూటంతా ఆలోచించి, "గుడ్డోన్నయి కూచోలేను. చేయండి," అన్నాడు. బతికాడు. ఎడమ పక్క చూపు తిరిగి రాలేదు, కుడి పక్క చాలావరకు నిలిచింది. ఆ తర్వాత అతనికీ కరెంటు పెట్టారు. బరువులు ఎత్తొద్దని డాక్టర్లు అంటే శేషన్న అతన్ని కాటా దగ్గర తూకాలు చూడను పెట్టుకున్నాడు.

మరుసటేడు పరీక్షల్లో మహాదేవమ్మకు చక్కెర జబ్బు బయటపడింది. మద్రాసు ఆసుపత్రి వరండాలో ఆమె పక్కన కూర్చున్న పుల్లయ్య అది విని కండ్లు తుడుచుకున్నాడు.

"ఏడుస్తావెందుకప్పా? మొదట్లోనే దొరికింది. ఏం తినాల్నో, ఏం మానాల్నో రాసిమ్మని అడిగినా," అందామె లేస్తూ. "పద, లోపల నీ పేరు పిలుస్తాండారు."