అడుగు వరుస

దేముడమ్మ తెర మీద వేలు పెట్టి ఒక్కో మాటా కూడబలుక్కుంటూ చదివింది. "గర్భిణులకు... పసిపిల్లలకు... రెండో మాత్ర." చదివి ఫోను బల్ల మీద పెట్టింది. "బాగుంది గుంటా. అచ్చరాలు ముత్తేల్లాగున్నాయి."

స్వర్ణ నవ్వబోయి ఆగిపోయింది. "మిగతాది చదువు పెద్దమ్మా."

"మిగతాదేటి? ఐపోనాది కదా."

"తరవాత ఏముంది?"

"ఏటీ లేదు. కింద ఏవో ఇంగిలీసు ముక్కలున్నాయి. అవి కూడా సదవాలేటి?"

స్వర్ణ ఫోను లాక్కున్నంత పని చేసింది. నిజమే. ఆ వాక్యానికి చివర 'ఇవ్వకూడదు' అనే మాట ఉండాలి. లేదు.

మన భాషలో కాదు, లేదు, వద్దు అన్నవన్నీ ఆఖరికే వస్తాయి. సంబంధం మాట్లాడటానికి వెళ్ళినవాళ్ళు కూడా అవతలివాళ్ళ చివరి మాట దాకా ఊపిరి బిగబట్టే వింటారు. ఆ చివరి మాట తెగిపోతే, వద్దన్నది కాస్తా ఇమ్మన్నట్టే వినబడుతుంది.

"ఇది చదివి నువ్వేమనుకున్నావు పెద్దమ్మా?"

"ఏటనుకుంతాను? ఇమ్మన్నావనుకున్నాను. మా ఊల్లో ఇప్పుడు నీల్లోసుకున్నోల్లెవులూ లేరు గానీ, ఉంటే ఇచ్చీసీదాన్నే."

అది రెండువేల ఏడు, ఆషాఢ మాసం. అరకులో ఒక చిన్న సేవాసంస్థలో స్వర్ణ పని. బొర్రా దగ్గర పల్లె పిల్ల. ఆశ్రమ పాఠశాలలో చదివి, విశాఖపట్నంలో కంప్యూటర్ నేర్చుకుని, మళ్ళీ కొండెక్కింది. కొండ ఊళ్ళలో మలేరియా మాత్రలిచ్చే ఆడవాళ్ళు ఉన్నారు, దేముడమ్మ వాళ్ళలో ఒకతె. ఎవరికి ఏ మాత్ర, ఎన్ని రోజులు అన్నది వాళ్ళ చేతిలో ఉండేలా ఫోన్లలో పెట్టమని సంస్థ స్వర్ణకి అప్పజెప్పింది. ఆ ఊళ్ళకి సిగ్నల్ లేదు. అక్కడ ఫోను మాట్లాడుకోవడానికి కాదు, పుస్తకంలా తెరిచి చదువుకోవడానికి.

ఫోన్లేమో ఒక్కో కంపెనీవి ఒక్కో తీరు. దేనికి దానికి విడిగా రాస్తూ కూర్చుంటే ఏడాది పడుతుంది. అందుకని, ఒక్కసారి రాస్తే అన్ని ఫోన్లకీ తానే సర్దిపెడతానని చెప్పే సాఫ్ట్‌వేర్ ఒకటి దొరికితే స్వర్ణ దాన్ని నమ్ముకుంది. ఆ ఫోన్లకి తెలుగు రాదు కనుక ప్రతి వాక్యాన్నీ బొమ్మగా చేసింది. ఏ తెరకి ఎంత బొమ్మ కావాలో చూసుకునే పని సాఫ్ట్‌వేర్‌ది. కంప్యూటర్‌లోనే ఉత్తుత్తి ఫోనొకటి కనబడుతుంది. చేసినదాన్ని అందులో చూసుకోవచ్చు. స్వర్ణ ఒకటికి పదిసార్లు చూసుకుంది. అన్నీ కుదురుగానే ఉన్నాయి.

అనుకున్న రకం ఫోన్లు సరిపోక చివరి రోజున చిన్న తెరవి మూడు వచ్చాయి. వాటిలో మొదటి పేజీ తెరిచి చూసి, పరవాలేదనుకుని ఇచ్చేసింది. నిజం ఫోనులో అడుగున మీటల పేర్లు రాసిన పట్టీ ఒకటి ఎప్పుడూ నిలబడి ఉంటుంది. ఉత్తుత్తి ఫోనులో ఆ పట్టీ లేదు. అంతే తేడా. చిటికెన వేలంత వెడల్పు లేని ఆ పట్టీ కింద ఆఖరి వరుస అణిగిపోయింది.

ఇంటర్నెట్‌లో వెతికితే, ఎవరో ఏ దేశంలోనో ఇదే తిప్పలు పడి ఏడు నెలల కిందటే రాసుకున్నారు. దాని కింద మరొకాయన 'నాకూ అంతే' అని రాశాడు. ఆ కింద ఇంకేమీ లేదు.

దిద్దడానికి గంట పట్టింది. సంస్థ చూసుకునే సర్వేశ్వరరావు విని కళ్ళజోడు తీశాడు. "సరిచేశావు కదా! ఇంకెందుకమ్మా ఆ కంగారు?"

"మూడు ఫోన్లండి. ఇది ఒకటి. ఇంకోటి ఛార్జింగ్‌కని ఇక్కడికే వచ్చింది. మూడోది పనసగుమ్మిలో రత్న దగ్గరుంది."

"అక్కడెవరైనా కడుపుతో ఉన్నారా?"

"యర్రమ్మ. ఏడో నెల."

ఆయన కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నాడు. "కొండబాబుని జీపు తియ్యమను" అన్నాడు.

రత్నా స్వర్ణా హాస్టల్లో ఒకే దుప్పటి కింద పెరిగినవాళ్ళు. పదో తరగతి పరీక్షలైన రోజు రత్న తండ్రి వచ్చి పెట్టె భుజానికెత్తుకున్నాడు. "మళ్ళీ వత్తానే" అంటూ రత్న గేటు దాటింది. రాలేదు. ఎనిమిదేళ్ళ తర్వాత మాత్రలిచ్చేవాళ్ళ జాబితాలో ఆ పేరు చూసి స్వర్ణ ఎంత మురిసిందో! జ్వరమొచ్చి రత్న శిక్షణకి రాలేకపోతే, ముంచింగిపుట్టు సంతలో టీకొట్టు బల్ల మీద కూర్చోబెట్టి స్వర్ణే నేర్పింది. "నీ సొంత తెలివి ఉపయోగించకే. ఫోను ఎలా చెబితే అలా చెయ్యి" అంది.

"నువ్వు రాసిందే కదే. దాటుతానేటి?" అంది రత్న.

జీపులో ఆ మాటే చెవిలో మోగుతోంది. సాలూరు మనిషి కొండబాబు దారంతా ఏదో ఒకటి అంటూనే ఉన్నాడు. "ఫోన్లు ఆగిపోతే మనిసెల్లాలి, మనిసి ఆగిపోతే జీపెల్లాలి. జీపాగిపోతే ఎవులెల్తారు సెప్పండి?" 

ముంచింగిపుట్టు దాటి, రోడ్డు ఆగిన చోట గెడ్డ పొంగి ఉంది. ఎర్రనీళ్ళు, అందులో దుంగలు. పనసగుమ్మి అవతల కొండ మీద, నడిస్తే రెండు గంటలు. అవతలి ఒడ్డున పిట్ట కూడా లేదు. స్వర్ణ చెప్పులు విప్పి నీళ్ళలో కాలు పెట్టింది. కొండబాబు రెక్క పట్టుకు లాగాడు.

"మతుండే దిగుతున్నారేటి? ఒరిస్సాలో తేల్తారు."

"ఒక్క మాట చెప్పాలంతే కొండబాబూ."

"ఆ మాటెవులికి సెప్తారు, ఈ నీల్లకా?"

ఆ రోజంతా వాన. మర్నాడూ వానే. ముంచింగిపుట్టులో తెలిసినవాళ్ళింట్లో తలదాచుకుని, పొద్దున్నా సాయంత్రమూ గెడ్డ దగ్గరికి వెళ్ళి, నీళ్ళు తగ్గాయో లేదోనని ఒక రాయిని గుర్తు పెట్టుకుని చూసేది. రాయి కనబడేది కాదు. సంచిలో లాప్‌టాప్ ఉంది, కేబుల్ ఉంది, దిద్దిన ప్రోగ్రాం ఉంది. ఇన్ని ఉండి ఏం లాభం? యర్రమ్మకి జ్వరం రాకుండా ఉంటే చాలని ఊరూరి అమ్మవార్లకీ మొక్కుకుంది. హాస్టల్లో నేర్చుకున్న ఏసుప్రభువు ప్రార్థన కూడా చెప్పుకుంది.

మూడో రోజు పొద్దుటికి రాయి తల బయటపడింది. స్వర్ణ చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుంటూ ఉండగానే అవతలి చెట్లలోంచి డోలీ దిగింది. నలుగురు మగవాళ్ళు మొలలోతు నీళ్ళలో దాన్ని తలకెత్తుకుని దాటించారు. దుప్పట్లో ఆడమనిషి. కళ్ళు పసుపు ముద్దలు. వెనక నడుస్తున్నవాడు ఆమె మొగుడు గాసి. ఆమె యర్రమ్మ అని స్వర్ణకి ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

కొండబాబు పరుగున వెళ్ళి జీపు తిప్పాడు.

మధ్యాహ్నానికి ఆస్పత్రిలో యర్రమ్మ దక్కింది. బిడ్డ దక్కలేదు. స్వర్ణ డాక్టరు వెనకే నడిచి మాత్ర సంగతంతా చెప్పింది. ఆయన వయసులో చిన్నవాడు. రెండు రోజులుగా నిద్ర లేని మొహం. "ఆ మాత్ర ఇవ్వకుండా ఉండాల్సింది" అన్నాడు. "కానీ ముదిరిన మలేరియా కూడా ఇలాగే చేస్తుంది. దేనివల్లో ఇప్పుడు చెప్పలేనమ్మా."

"ఎప్పుడు చెప్పగలరు?"

"ఎప్పటికీ."

వరండాలో గాసి మోకాళ్ళు కావలించుకుని కూర్చున్నాడు. స్వర్ణ అతని ముందు కూలబడి, తెర, పట్టీ, దాని కింద దాగిన మాట, అన్నీ చెప్పింది. ఎలా చెప్పినా అది మనిషి చేసిన తప్పులా వినబడటం లేదు. అందుకని మళ్ళీ మొదలుపెట్టి, "నేనే చేశాను" అని ముగించింది. గాసి తలెత్తాడు.

"ఈ సంగతి రత్నకి తెల్సా?"

"తెలీదు."

"సెప్పకమ్మా." అతని గొంతులో కోపం లేదు. "సెప్తే ఆ గుంట ఇంకెవులికీ మాత్ర ఇవ్వదు. మా ఊల్లో ఇంకా ఐదుగురు జరంతో పడున్నారు. మాకింకెవులున్నారు?"

స్వర్ణ చెప్పనని మాటిచ్చింది. ఇచ్చాక గానీ తట్టలేదు, రత్న ఫోనులో ఆ పేజీ దిద్దక తప్పదని, దిద్దితే రత్నకి తెలిసిపోతుందని.

మర్నాడు గెడ్డ దాటి పనసగుమ్మి ఎక్కింది. రత్న ఎవరి ఇంట్లోంచో పరుగున వచ్చింది. నిద్రలేక కళ్ళు గుంటలు పడ్డాయి. "ఒసే స్వర్నా! యర్రమ్మొదినెలాగుంది?"

"బతికింది."

"పుట్టినాది గుంటడా, గుంటా?"

స్వర్ణ తల అడ్డంగా ఊపింది. రత్న గుమ్మంలో కూలబడి కొంగు నోట్లో కుక్కుకుంది. కాసేపటికి తేరుకుని, "మూడు దినాలూ దగ్గరే కూకున్నానే. నువ్వు రాసినట్టే ఒక్కటీ తప్పకుండా ఇచ్చినాను" అంది.

"ఫోనివ్వు" అంది స్వర్ణ. "కొంచెం మార్చాలి."

"ఏటి మారుత్తావు?"

"అక్షరాలు పెద్దవి చేస్తాను."

చెప్పడానికి దొరికింది ఆ ఒక్క అబద్ధమే. కేబుల్ తగిలించింది. లోపల పసివాడెవడో జ్వరంతో మూలుగుతున్నాడు. ఈ ఫోను ఇలాగే వదిలేస్తే రేపు వాడికి ఏం మాత్ర పడుతుందో! మారిస్తే రత్నకి ఏం తెలుస్తుందో! పాత పేజీనే ఉంచి, నోటితో చెప్పి పోదామా అని కూడా అనుకుంది. ఏమని చెబుతుంది? చెప్పినా ఒకటే, చూపినా ఒకటే. మీట నొక్కింది. నిమిషం కూడా పట్టలేదు.

రత్న ఫోను తీసుకుని వెలుతుర్లోకి వెళ్ళింది. హాస్టల్లో మేష్టారి ముందు నిలబడ్డట్టే నిటారుగా నిలబడి, పేజీ తర్వాత పేజీ పైకి చదవడం మొదలుపెట్టింది. బాగుందే అంది. మొదటి మాత్ర చదివింది. రెండో మాత్ర దగ్గరికి వచ్చింది.

"గర్భిణులకు, పసిపిల్లలకు రెండో మాత్ర..."

స్వర్ణ లేచి నిలబడింది. రత్న పెదవులు ఆఖరి మాట కోసం విచ్చుకుని, అలాగే ఉండిపోయాయి.