తొమ్మిది పాయింట్లు

శ్రీలత మనసు ఆ పొద్దున దోసెల మీద లేదు. ఒకటి మాడింది, ఒకటి చిరిగింది, అయినా తనలో తాను నవ్వుకుంటూనే ఉంది. నవ్వదూ మరి! లైసెన్సు చేతికొచ్చి ఏడాది నిండింది. కొత్తగా బండి నేర్చినవాళ్లను ఒమన్‌లో ఏడాదిపాటు పరీక్షగా చూస్తారు. తప్పు చేసినప్పుడల్లా పాయింట్లు పడతాయి. ఆరు దాటకపోతే పదేళ్ల లైసెన్సు. దాటితే ఇంకో ఏడాది పరీక్ష. పది దాటిందా, లైసెన్సే పోయినట్టు. శ్రీలతకు ఆ భయమే లేదు. ఏడాదంతా హారన్ కూడా మొహమాటంగానే కొట్టిన మనిషి. పైగా ఆదివారం నుంచి బర్కాలో పిల్లల బడిలో ఉద్యోగం. తాముండే రుసైల్ నుంచి అంతదూరం బస్సు కుదరదు, సొంతంగా తోలుకొని వచ్చేటట్టుంటేనే రమ్మన్నారు.

ఆ లైసెన్సేమన్నా ఊరికే వచ్చిందా! డ్రమ్ముల మధ్యలోకి బండిని వెనక్కి పెట్టే టెస్టులో మూడుసార్లు తప్పింది. వంటింటి గచ్చు మీద పప్పుడబ్బాలు నిలబెట్టి, వాటి మధ్య అగ్గిపెట్టెను వెనక్కి తోసి తోసి నేర్చుకుంది. అత్త వీడియో కాల్‌లో అది చూసి, "గంటె పట్టే చేతికి స్టీరింగెందుకే? పిచ్చిగిట్ల లేచిందా?" అని పకపకా నవ్వింది. నాలుగోసారి పాసైన వారంలోనే భర్త నర్సింగ్ కారును ఆమె పేరు మీదికి మార్పించాడు. దోస్తులందరి ముందు, "మా ఇంటామెకు గిఫ్టు" అన్నాడు. పిచ్చిది, సంతోషంతో ఏడ్చేసింది. పేరు ఆమెదైనా కారు మాత్రం రోజూ ఆయన డ్యూటీకే పోయేది. శుక్రవారం సరుకులకు పోయినప్పుడే స్టీరింగ్ ఆమె చేతికొచ్చేది.

అట్లకాడ ఒక చేత, ఫోన్ ఒక చేత పట్టుకొని పోలీసుల యాప్ తెరిచింది. తొమ్మిది పాయింట్లు!

కళ్లు తుడుచుకొని మళ్లీ చూసింది. మంగళవారం, పొద్దున ఆరున్నర, రెడ్ లైటు. ఇంకో మంగళవారం, ఆరూ నలభై, స్పీడు. ఆ వేళకు తనెక్కడుంది? ఈ పెనం ముందే! ఇంకెక్కడుంటుంది?

"బావా, ఇవి ఎవరివి?"

నర్సింగ్ తల దువ్వుకుంటూ తొంగిచూశాడు. "గవ్వా? కెమెరా కొడితె, బండి ఎవలి పేరు మీదుంటె వాళ్లకే పడ్తయ్. నా లైసెన్సు కంపెనీ చూస్తది లతా. నీది ఎవలు చూస్తరు?"

నీది ఎవలు చూస్తరు! అంటే ఆ గిఫ్టు ఇందుకన్నమాట. ఇల్లు తుడిచే గుడ్డ తుడిచినట్టు, ఆయన తప్పులన్నీ ఆమె లైసెన్సు తుడవాలి. అందుకా తను కన్నీళ్లు పెట్టుకుంది! ఒళ్లు మండిపోయింది. ఇంకొక్క రెడ్ లైటు దాటితే లైసెన్సూ పాయె, కొలువూ పాయె. మరుక్షణమే ఇంకో మాట తట్టింది. అవును, బండి ఎవరి పేరు మీదుంది?

పొయ్యి కట్టేసింది. గోడకున్న తాళంచెవి తీసుకుంది. పండగ నాటి పొద్దులా ఉంది లోపల. ఇంకో ఏడాది పరీక్షంటే పరీక్షే, ఏడాది లైసెన్సూ లైసెన్సే. ఈసారి రాసేది మాత్రం తనొక్కతే.

నర్సింగ్ బయటికొచ్చేసరికి ఆమె స్టీరింగ్ ముందుంది.

"దిగు, డ్యూటీకి లేటైతుంది."

"ఎక్కు బావా, దింపుత. ఇగ ఈ బండి నేనే తోల్త. ఆదివారం సంది నువ్వు కంపెనీ బస్సుల పో."

"తమాషానా?"

"నా లైసెన్సు నేను చూస్త."

గొణుక్కుంటూ పక్కసీట్లో కూలబడ్డాడు. ఎప్పటిలాగే బెల్టు వదిలేశాడు. శ్రీలత ఇంజను ఆపేసి, చేతులు కట్టుకొని కూర్చుంది.

"ఇంకేందే?"

"బెల్టు పెట్టుకో. నువ్వు పెట్టుకోకుంటె పాయింట్లు నాకు పడ్తయ్."

ఆయన వాచీ చూసుకున్నాడు, ఆమెను చూశాడు, మళ్లీ వాచీ చూసుకున్నాడు. బెల్టు టక్కుమన్నాకే శ్రీలత బండి తీసింది.