పెనం నడుమ రుక్మాబాయి

మా కంపెనీ స్నేహలత మేడం నాకిచ్చిన కాగితంలో మొదటి సూచన: ఎప్పుడూ నవ్వుతూ ఉండండి. ఉన్నాను. బోధన్ చుట్టుపక్కల ఇళ్లలో నవ్వీ నవ్వీ దవడలు నొప్పి పుట్టాయి గానీ, ఒక్క డబ్బా కూడా అమ్ముడుపోలేదు.

మా పని వినడానికి తేలికే. ఎవరో ఒకరి ఇంట్లో వాడకట్టు ఆడవాళ్లను కూర్చోబెట్టాలి. ఇంటావిడ చాయ్ పోస్తుంది. మేం సంచీలోంచి గాలి చొరబడని డబ్బాలు, నూనె లేకుండా దోశ వచ్చే నల్ల పెనం తీసి, అక్కడే పొయ్యి వెలిగించి వండి చూపించాలి. చూసినవాళ్లు కొనాలి. ఇంటావిడకు కంపెనీ తరఫున ఒక గరిటెల సెట్టు.

ఆడవాళ్లు వచ్చేవాళ్లు. చాయ్ తాగేవాళ్లు. దోశలు కూడా తినేవాళ్లు. చివరికి డబ్బాను అటూ ఇటూ తిప్పి చూసి ఒకటే మాట అడిగేవాళ్లు.

"పేరెక్కడ కొడ్తరు?"

మా వైపు స్టీలు గిన్నె కొంటే దుకాణంలోనే మిషనుతో దాని మీద పేరు చెక్కిస్తారు. పెళ్లికో పండక్కో పక్కింటికి వెళ్లిన గంజు తిరిగి మన ఇంటికే రావాలంటే ఆ పేరే దిక్కు. పేరు లేని గిన్నె, డబ్బు ఇచ్చి తెచ్చుకున్నా సరే, మా వాళ్ల మనసులో ఇంకా దుకాణందారుడిదే. బోధన్‌లో ఒకావిడ మొహం మీదే చెప్పింది.

"పేరు లేని డబ్బ నా ఇంట్ల ఉంటె ఎవలింట్లకెల్లి ఎత్కొచ్చిననో అనుకుంటరు."

ఇలా ఉండగా మేడం నిజామాబాద్ నుంచి ఫోన్ చేసింది. "గంగమణీ, బుధవారం నేనే వచ్చి కూసుంటా. ఆర్డర్లు పడితే బోధన్ లైనుల ఊర్లన్ని నీకే రాసిస్తా. లేకుంటే సంచి శ్రీవాణికి ఇయ్యాలె. ఏమనుకోకు."

శ్రీవాణి చిన్నపిల్ల. స్కూటీ ఉంది. టీవీలో చదివినట్టు మాట్లాడుతుంది. నాకు ఆ పిల్ల మీద కోపం లేదు. కానీ సంచీ పోతే నేను మళ్లీ బీడీల దగ్గరికి వెళ్లాలి. మా ఆయన పోయాక నన్ను బతికించింది బీడీలే, వాటిని తక్కువ చేసి మాట్లాడను. కాకపోతే ఒళ్లో చాట పెట్టుకుని ఎన్నేళ్లు గోడ వైపు చూస్తూ కూర్చున్నా, ఆ గోడ ఒక్కరోజూ "చాయ్ తాగుతావా" అని అడగలేదు. సంచీ భుజాన వేసుకున్నప్పటి నుంచి ఏ ఊరు పోయినా అడుగుతున్నారు. ఆ మాట పోగొట్టుకోవడం నాకు ఇష్టం లేదు.

అందుకని బుధవారానికి రెండు ఏర్పాట్లు చేశాను. ఒకటి, రుద్రూరులో రుక్మాబాయి ఇల్లు ఒప్పించాను. రుక్మాబాయి చెరకు రైతు బాపురావు భార్య. ఆమె ఏ రంగు చీర కొంటే ఆ వాడకట్టంతా కొన్నాళ్లు అదే రంగులో తిరుగుతుంది. ఆమె సరే అంటే అందరూ సరే అన్నట్టే. రెండోది, బోధన్ బజారులో స్టీలు సామాన్ల మీద పేర్లు కొట్టే నర్సన్నను మిషనుతో సహా వెంటబెట్టుకుని వచ్చాను. పేరెక్కడ కొడతారని అడిగితే, ఇదిగో, మనిషే ఉన్నాడని చూపించవచ్చు. ఇంత తెలివి నాకు ఇన్నాళ్లూ ఎందుకు రాలేదా అని ఆటోలో కూర్చుని నన్ను నేనే మెచ్చుకున్నాను.

హాలు నిండా ఆడవాళ్లు కూర్చున్నారు. పక్కింటి లింగవ్వ అందరికంటే ముందు వచ్చి ఫ్యాను కింద చోటు పట్టింది. మేడం ఆలస్యంగా వచ్చింది. దారిలో చెరకు ట్రాక్టరు వెనక ఆటో ఇరుక్కుందట, జుట్టులో చెరకు ఆకు ముక్క ఉంది. ఎవరూ చెప్పలేదు. నేను చెబుదామనుకున్నాను గానీ, పరీక్ష పెట్టడానికి వచ్చిన మనిషికి ముందే తప్పు చూపించడం ఎందుకని ఊరుకున్నాను.

కాగితంలో రెండో సూచన: వస్తువును కొనేవారి చేతికి ఇవ్వండి, చేతిలోకి వచ్చినదాన్ని మనిషి తేలిగ్గా వదలడు. పెనం తీసి రుక్మాబాయి చేతిలో పెట్టాను.

"అక్కా, నువ్వే పట్టుకొని సూస్తుండు. నేను పిండి కలుపుకొని వస్త."

"నున్నగున్నదే గంగమణీ, అద్దం లెక్క," అని ఆమె చెంపకు ఆనించి చూసుకుంది.

వంటింట్లో పిండిలో ఉప్పు కలుపుతుంటే హాల్లోంచి తుమ్మెద రొద లాంటి చప్పుడు వినిపించింది. నర్సన్న ఏదో పాత చెంచా మీద మిషను చూసుకుంటున్నాడనుకున్నాను. మంచిదే, అందరూ చూస్తారు అనుకుని చట్నీలో పోపు కూడా వేసుకుని నిమ్మళంగా వచ్చాను.

రుక్మాబాయి అప్పటికే పెనాన్ని తానే పొయ్యి మీద పెట్టి మంట వెలిగించి ఉంచింది. ఎంత ఉత్సాహమో అని సంతోషించాను. మూడో సూచన: మాట్లాడేటప్పుడు వస్తువు వైపు కాదు, ఎదుటివాళ్ల కళ్లలోకి చూడండి. నేను అందరి కళ్లలోకి చూస్తూ గరిటెతో పిండి పోసి తిప్పాను.

"సుక్క నూనె వెయ్యలే, సూసిండ్రు కదా. ఇప్పుడు పెంక కొంచెం వంచితె సాలు, దోశ దానంతటదే జారి పల్లెంల వడ్తది."

వంచాను. దోశ జారలేదు. ఇంకా వంచాను. పెనం నిలువుగా నిలబడింది గానీ దోశ గోడకు అంటించిన కాగితంలా అక్కడే ఉంది. నవ్వుతూనే చెక్క గరిటె పెట్టి లాగాను. బర్రుమని లేచి, తిరగబడి పల్లెంలో పడింది.

లింగవ్వ ముందుకు వంగింది. "అయ్యో, గీ దోశ మీద రాతలున్నయే!"

నిజమే. దోశ నడుమ తెల్లటి గీతలు, తిరగేసిన అక్షరాలు. నేను పెనం వైపు చూశాను. మధ్యలో, నల్లటి పూత చీల్చుకుని, తాటికాయంత అక్షరాలు.

"ఏం రాసున్నదే పిల్లా?" అంది లింగవ్వ. ఆమెకు చదువు రాదు. చేతులు జోడించబోతోంది. "ఏ దేవుని పేరే?"

"దేవునిది కాదు లింగవ్వా," అంది రుక్మాబాయి కొంచెం సిగ్గుపడుతూ. "నాది."

నేను నర్సన్న వైపు తిరిగాను. "ఏం జేసినవే అన్నా?"

"బాయి కొట్టుమన్నది. కొట్టిన."

"లోపల్నెందుకు కొట్టినవ్?"

"బయట కొడ్తె మంటకు మసుకవారుతది, నడిమిట్ల కొట్టుమన్నది. నిజం చెప్తున్న గంగమణీ, గీ నలుపు మీద లేసినంత తెల్లగ నా చేతిల ఇంతవరకు ఏ అక్షరం లేవలే." నర్సన్న మొహంలో తప్పు చేసినవాడి లక్షణం ఒక్కటి లేదు.

మేడం నా పక్కకు జరిగి చెవిలో అంది. "పెనం కాగలేదని చెప్పు. జల్ది డబ్బాల మీదికి పో."

అంత తేలికైన మాట. చెప్పేసేదాన్నే. కానీ లింగవ్వ అప్పటికే దోశలోంచి రుక్మాబాయి మొదటి అక్షరం తుంచి చట్నీలో ముంచింది.

"అవ్వా, తినకు!" అని ఆమె చేతిలో ముక్క లాగేశాను.

"ఏందే, ఒక్క ముక్కకు గింత లోభమా!"

"లోభం కాదవ్వా. ఆ నలుపు ఒక పూత. దాని మీద గీతలు వడ్తె పొట్టు లేసి తిండిల కలుస్తది. ఇగ గీ పెంక మీద ఏం వండొద్దు. దోశ ఎవ్వలు తినకుండ్రి."

మేడం నెత్తి మీద చెయ్యి పెట్టుకుంది. చెరకు ఆకు అప్పుడు ఊడి ఒళ్లో పడింది.

హాల్లో ఒక్కసారిగా మాటలు లేచాయి.

"పేరు కొడ్తె పాడయ్యే పెంక ఏం పెంకనే?"

"మా అత్త ఇచ్చిన ఇత్తడి గంజు మీద అత్త పేరు, అత్తకు అత్త పేరు రెండున్నయ్. దానికేం కాలె."

"పేరు మొయ్యనిది, దోశేం మోస్తది!"

కొంగులు సర్దుకుంటున్నారు. ఒకావిడ చెప్పుల కోసం గుమ్మం దగ్గరికి వెళ్లింది. మేడం డబ్బాలు ఒకదాంట్లో ఒకటి పెట్టి సంచీలో వేయడం మొదలుపెట్టింది. నేను సర్దితే అంత నీటుగా ఉండదు. ఆ సంచీ శ్రీవాణి స్కూటీ ముందు నిలబడి ఉన్నట్టు నా కళ్లకు కనిపించింది.

అదే సమయానికి బాపురావు చెరకు తోట నుంచి చాయ్ కోసం ఇంటికి వచ్చాడు. ఇంత మంది ఆడవాళ్లను చూసి వెనక్కి పోదామనుకున్నాడు గానీ, పొయ్యి మీది పెనం కంటపడింది. దగ్గరికి వచ్చి చదివాడు.

"గిదేంది? నా పేరేది?"

మా వైపు సామాన్ల మీద మామూలుగా మగవాళ్ల పేర్లే ఉంటాయి.

"మీ పేరు ఇంట్ల ఉన్న అన్ని గంజుల మీద ఉన్నది," అంది రుక్మాబాయి. "ఒక్కటన్న ఎన్నడన్న తోమిండ్రా?"

హాలంతా పగలబడి నవ్వింది. చెప్పులేసుకున్నావిడ కూడా విప్పేసి మళ్లీ వచ్చి కూర్చుంది. బాపురావు చాయ్ అడగకుండానే పెరటి దారి పట్టాడు. అతను తీసిన వెనక తలుపులోంచి నాకు పెరటి అరుగు కనిపించింది. పొద్దున తోమిన గిన్నెలన్నీ దాని మీద బోర్లించి ఉన్నాయి. ఎండకు వాటి అడుగులు మెరుస్తున్నాయి. వాటి పక్కల మీద బాపురావు తలకిందులుగా వేలాడుతున్నాడు, ప్రతి గిన్నె మీదా.

నేను మేడం చేతిలోంచి సంచీ లాక్కుని కొత్త పెనం ఒకటి తీశాను. బోర్లించి నర్సన్న ముందు పెట్టాను. అడుగున పూత లేదు, వట్టి లోహం.

"ఇక్కడ కొట్టన్నా."

లింగవ్వ ముక్కు మీద వేలు వేసుకుంది. "అడుగున పేరు వెట్టుకుంటె ఎవలు సూస్తరే? పొయ్యి సూస్తది. పొయ్యికి సదువస్తదా?"

"అవ్వా, నువ్వు గిన్నెలు తోమి ఎట్ల వెడ్తవ్?"

"ఎట్ల వెడ్త? అందరి లెక్కనే. బోర్లేస్త."

"గప్పుడు మీదికి ఏమస్తది?"

లింగవ్వ కంటే ముందే జవాబు రుక్మాబాయి చెప్పింది. "అడుగస్తది."

"తొవ్వల వొయ్యేటోళ్లకు ఏం కనవడ్తది?"

"అడుగే కనవడ్తది," అంది రుక్మాబాయి మెల్లగా, ఇన్నేళ్లు తన సామాన్లు తననే మోసం చేసినట్టు. "మరి మంటకు మసుకవారితెనో?"

"రోజు తోమేటిదే కదక్కా. పేరు మీద ఇష్టంతోనన్న ఇంకింత గట్టిగ తోముతవ్."

నర్సన్న మిషను రొద పెట్టింది. పేరు పూర్తయ్యాక ముందు అదే పెనం పొయ్యి మీద పెట్టి దోశ పోశాను. ఈసారి ఎవరి కళ్లలోకీ చూడలేదు, పెనంలోకే చూశాను. వంచగానే జారి పల్లెంలో పడింది. లింగవ్వ రెండు వైపులా తిప్పి చూసి, రాతలేమీ లేవని రూఢి చేసుకుని తినేసింది.

రుక్మాబాయికి దోశతో పని లేదు. పెనం చల్లారీ చల్లారకముందే కొంగుతో పట్టుకుని బయటికి పరిగెత్తింది. ముందు అరుగు మీద బోర్లించి, గేటు దాటి రోడ్డు మీద నిలబడి చూసింది. ఆడవాళ్లంతా వెంటపడ్డారు. చదువు వచ్చినవాళ్లు పైకి చదివారు, రానివాళ్లు విన్నారు. ఒక చెరకు ట్రాక్టరు వచ్చి హారను కొట్టినా ఎవరూ పక్కకు జరగలేదు. చివరికి ఆ డ్రైవరు కూడా మెడ చాచి, "రుక్మాబాయి" అని చదివాడు.

ఆ మాటతో ఆమె లోపలికి వచ్చింది. "కనవడ్తుంది. నర్సన్నా, ఇంకింత పెద్దగ కొట్టు."

తరువాత నేను నవ్వాల్సిన పని కూడా లేకపోయింది. డబ్బాల అడుగున పేరు పడుతుందా అని ఒకరు, మూత లోపల కూడా కొట్టమని ఒకరు, కూతురి పేరు పైన తన పేరు కింద కావాలని ఒకరు. నర్సన్న చుట్టూ సందు లేదు. మేడం నేల మీద చతికిలబడి ఆర్డర్లు రాసుకుంటోంది.

అంతా అయ్యాక మేడం చెడిపోయిన పెనం సంచీలో పెట్టబోయింది. అది చూపించడానికి ఇచ్చిన పెనం, కంపెనీకి వాపసు ఇవ్వాలి. రుక్మాబాయి దాని కాడ పట్టుకుంది.

"నా పేరున్న పెంకను పట్టుకొని ఊరూరు తిరుగుతరా మేడం? బాపురావు పెండ్లాం సామాన్లు అమ్ముకుంటుందనుకోరా మంది? దీని పైసలు సుత తీస్కోండ్రి."

"అక్కా, దాని మీద వండొద్దు," అన్నాను గాభరాగా.

"వండెటందుకు ఎవలు కొంటరే?" అని ఆమె నన్ను వంటింటి అలమర దగ్గరికి తీసుకుపోయింది. స్టీలు గిన్నెలు వరుసలుగా తళతళలాడుతున్నాయి. ఒక్కటీ పొయ్యి మొహం చూసినట్టు లేదు. నడుమ వరుసలో బాపురావు పేరున్న పెద్ద గంజును పక్కకు జరిపి, పెనాన్ని పేరు కనిపించేలా నిలబెట్టింది. రెండడుగులు వెనక్కి వేసి చూసుకుని, గంజును ఇంకొంచెం జరిపింది.

గుమ్మం దగ్గర లింగవ్వ మేడంను ఆపింది. "వచ్చే బేస్తారం మా ఇంట్ల పెట్టుండ్రి. గీమె ఇంట్ల కన్న ఎక్కువ మందిని తెస్త."

"నాకు ఆ రోజు నిజామాబాద్‌ల మీటింగున్నది అవ్వా. గంగమణి వస్తది."

నేను మేడం వైపు చూశాను. "మరి సంచి?"

"సంచి లేకుండ వచ్చి ఏం జేస్తవ్?" అంది మేడం చెప్పులేసుకుంటూ. "లైను నీదే. కానీ ఒక్క మాట కాగితంల రాసుకో. వంట అయ్యేదాక నర్సన్నను గడప లోపలికి రానియ్యొద్దు."

మిషను సర్దుకుంటున్న నర్సన్న తలెత్తాడు. "వానలు వడ్తెనో?"

మేడం "కంపెనీ ఛత్రి ఇయ్యదు," అని ఆటో ఎక్కింది.