ఓడల చుక్కలు తీసేసి గీసిన గీత

మా వాతావరణ కేంద్రంలో తుపానును ఎవరు మొదట చూస్తే వాళ్లే దాన్ని చివరిదాకా సాకాలి. పుట్టినప్పుడు చుట్టూ గుండ్రం గీసిన చెయ్యే, పోయిందని ఆఖరి ప్రకటన కూడా రాయాలి. ఈసారి ఆ భాగ్యం మా మరదలికి దక్కింది.

మరదలంటే మా తమ్ముడి భార్య. పక్క కుర్చీలో కూర్చుని రోజూ నా బుర్ర తినే పిల్లని బయటివాళ్లకి ఎందుకు వదులుకోవాలని నేనే ఆ సంబంధం కుదిర్చాను. వాడు సరుకుల ఓడలో ఇంజనీరు, ఏడాదిలో సగం నీళ్ల మీదే ఉంటాడు. ఆవిడ వాడితో కంటే నాతోనే ఎక్కువ కాపురం చేసింది.

నడి సముద్రంలో, చుట్టుపక్కల తీరమన్నదే లేని చోట, మబ్బుల గుంపొకటి కదలకుండా తిష్ఠ వేసింది. కింద నీళ్లు బాగా వేడెక్కి ఉన్నాయి. ఆవిరి పైకి లేస్తోంది, ఖాళీ అయిన చోటికి చుట్టుపక్కల గాలి వచ్చి చేరుతోంది.

"వదినా, ఇది తిరగడం మొదలెట్టింది," అంది మరదలు తెర చూస్తూ.

నాకేమీ కనిపించలేదు. "నీ కళ్లే తిరుగుతున్నాయి. పొద్దున్నుంచీ ఏమీ తినలేదు, వెళ్లి ఏదైనా తినిరా," అన్నాను.

సాయంత్రానికి అది నిజంగానే తిరిగింది. అల్పపీడనం కాస్తా వాయుగుండమైంది, వాయుగుండం తుపానైంది, నడుమ కన్ను తెరుచుకుంది. కన్ను చుట్టూ గాలి గోడ కట్టినట్టు సుడి తిరుగుతుంటే, కన్ను లోపల మాత్రం ఏమీ ఎరగనట్టు నిశ్శబ్దం. ఊళ్లకి ముప్పు లేదని తేలడంతో టీవీ వాళ్లెవరూ ఫోన్ చెయ్యలేదు. ముప్పంతా ఓడలకే. అందులో మావాడి ఓడ కూడా ఉంది.

మాకొక కట్టుబాటు ఉంది. తుపాను ఎటు పోతుందో గీత గీసే ముందు, ఓడలు ఎక్కడున్నాయో చూపే చుక్కల్ని తెర మీంచి తీసేయాలి. చుక్క కనిపిస్తే చెయ్యి దాన్ని తప్పించి గీస్తుందని మా ఆఫీసు పెద్దాయన ఎప్పుడో పెట్టిన నియమం. మరదలు చుక్కలన్నీ తీసేసి గీత గీసింది. ప్రకటన ఓడలకి వెళ్లే ముందు రెండో మనిషి చూడాలి కాబట్టి నన్ను పిలిచింది.

గీత తిన్నగా పడమటికి వచ్చి, ఒకచోట ఉత్తరానికి ఒంగింది. ఒంగాలంటే పైన గాలులు తొయ్యాలి. చూశాను, అక్కడ అలాంటి గాలులేమీ లేవు. ఆ ఒంపు సరిగ్గా తమ్ముడి ఓడ దారికి కాస్త ముందుంది. ఆ గీతే నిజమైతే ఎంత బాగుండునని నాకూ అనిపించింది. కానీ అది చూస్తే వాళ్ల కెప్టెన్, తుపానే పక్కకి పోతోంది కదా అని దారి మార్చకుండా వెళ్లిపోతాడు. వెళ్లి దాని నోట్లో పడతాడు.

"చుక్కలు తీశావు. వాడిని తియ్యలేదు," అన్నాను.

"అంటే?"

"ఇక్కడ ఎందుకు ఒంగిందో చెప్పు."

"పై గాలులు..." అని ఆగింది. "అవి ఎల్లుండిగ్గానీ రావు కదా. నువ్వు గియ్యి వదినా, నావల్ల కాదు."

"వాడు నాకు మాత్రం పరాయివాడా? నా చెయ్యీ అలాగే ఒంగుతుంది. దీన్ని మొదట చూసింది నువ్వు. గాలి ఎటు తోస్తే అటు గియ్యి."

చెరిపేసి మళ్లీ గీసింది. కళ్లమ్మట నీళ్లు కారుతున్నాయి గానీ చెయ్యి ఒంగలేదు. ఈసారి గీత ఓడ దారిని కోసుకుంటూ పోయింది. నేను సరేనన్నాను, ప్రకటన వెళ్లింది. మొగుడి మీదికి తుపానును తనే పంపినట్టు కూలబడింది పిల్ల.

చుక్కల్ని మళ్లీ తెర మీదికి తెచ్చాం. తమ్ముడి ఓడ చాలాసేపు ఆ గీత వైపే, ఉత్తరానికే వెళ్లింది. ఆ కెప్టెన్ని నోటికొచ్చినట్టు తిట్టాను. చివరికి చుక్క వెనక్కి, దక్షిణానికి మళ్లింది. అప్పుడు గానీ నేను తిట్లు ఆపలేదు.

తుపాను ఆ రెండో గీత మీదుగానే నడిచింది. ఓడ మళ్లకపోయి ఉంటే ఆ వేళకి సరిగ్గా దాని నడుమ ఉండేది. తర్వాత పై గాలులు వచ్చి దాన్ని ఉత్తరానికి నెట్టాయి. అక్కడ నీళ్లు చల్లన, ఇక దానికి తిండి లేదు. ఆ గాలులే దాని మబ్బుల తల తెంపి పక్కకి లాక్కుపోయాయి. కన్ను మూసుకుపోయింది. అంతటి తుపానూ సముద్రం మీద ఎవరూ చూడని తుంపరగా మిగిలింది. తుపాను బలహీనపడిందని, ఇకపై ప్రకటనలు ఉండవని మరదలు రాసింది.

ఆ మధ్యాహ్నమే తమ్ముడు ఫోన్ చేశాడు.

"అక్కా, మీ ఆఫీసులో గీతలు గీసే మహానుభావుడెవరు? మా దారికి అడ్డంగా గీశాడు. దాన్ని పట్టుకుని మా కెప్టెన్ సముద్రమంతా తిప్పుతున్నాడు. ఇక్కడ చూస్తే ఎండ మండిపోతోంది, ఒక్క చినుకు లేదు. నీళ్లు పళ్లెంలో పోసినట్టున్నాయి. ఇంటికి రావడం ఆలస్యమైపోయింది. మీ మరదలికి ఏం చెప్పను?"

ఫోన్ మరదలి చేతికిచ్చాను. వాడు ఉన్నదంతా మళ్లీ మొదటి నుంచి అందుకున్నాడు. ఎండ, పళ్లెం, కెప్టెన్, మహానుభావుడు. ఆమె ఒక్క మాటకీ అడ్డు రాకుండా, చెంపలు తుడుచుకుంటూ అంతా వింది.

"ఆ గీత గీసింది నేనేనండీ," అంది. "ఇంకాసేపు తిట్టండి."